నేను ‘నై’ అని విన్న మాట

మెల్‌బోర్న్ శివార్లలోని వెర్రిబీలో నేను పనిచేసే వృద్ధుల హోములో మొదటిరోజే ఒక మాట నూరిపోశారు: రాయనిది జరగనట్టే. నువ్వు ఒక ముసలాయనకు స్నానం చేయించి, గోళ్ళు తీసి, దుప్పటి మార్చి, ఆయన మనవరాలి పెళ్ళి కబుర్లన్నీ విని బయటికొచ్చినా సరే, టాబ్లెట్‌లో నోట్సు కొట్టకపోతే ఆయనకు ఆరోజు స్నానం లేదు. సరే, బాగానే ఉంది. అయితే దానికి రెండో ముక్క ఒకటుంది: రాసింది జరిగినట్టే. అది మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనే నేర్చుకున్నాను, నా చేతులతో, పదకొండు వారాలు.

పేర్లు రాయను. ఆమెను నేను టీచర్ అనే పిలిచేదాన్ని, ఇక్కడా టీచరే. ఎనభై ఆరేళ్ళ గ్రీకు మనిషి. ఇరవై ఏళ్ళప్పుడు ఓడెక్కి మెల్‌బోర్న్ వచ్చి, వారమంతా బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసి, శనివారాలు గ్రీకు పిల్లలకు బడి చెప్పింది. ఒకటీ రెండూ కాదు, నలభై ఏళ్ళు. చెప్పింది చరిత్ర, అదీ పాత గ్రీకుల చరిత్ర. ఒక్కతే కూతురు, పెర్త్‌లో ఉంటుంది. పెర్త్ అంటే ఇదే దేశం అన్నమాటే గానీ విమానంలో నాలుగు గంటలు.

ఇక నా సంగతి. నిజామాబాద్ పిల్లను. అకౌంటింగ్ చదవడానికి వచ్చి, యూనివర్సిటీ అయ్యాక ఆ ఉద్యోగం దొరక్క, ఏజ్డ్ కేర్ కోర్సు చేసి ఇందులో పడ్డాను. పక్కనే టార్నీట్‌లో ఉంటాం, మా ఆయనా నేనూ. నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం పుట్టుకతోనే రాలేదు. బ్రేకులో అందరూ టీరూములో ఫోన్లు చూసుకుంటుంటే నేను కార్‌పార్క్ చుట్టూ తిరుగుతాను. సినిమా చూస్తే మధ్యలో నాలుగుసార్లు లేస్తాను. మా ఆయన నన్ను కాలుగాలిన పిల్లి అంటాడు. అందుకే ఈ పని నాకు పట్టుబడింది: పది నిమిషాలు ఒక గది, పది నిమిషాలు ఇంకో గది, ఎక్కడా కూర్చోమనేవాళ్ళు లేరు.

కాలు నిలవకపోయినా జ్ఞాపకం మాత్రం నిలిచేది. మా వింగ్‌లో ఇరవైరెండు మంది. ఎవరికి టీలో ఎంత చక్కెర, ఎవరికి పాలు ముందు పోయాలి, ఎవరికి కప్పు పిడి ఎడమవైపు ఉండాలి, అన్నీ నోటికే. మిగతావాళ్ళు ట్రాలీ మీద అంటించిన జాబితా చూసి ఇచ్చేవాళ్ళు. నేను చూడను. కొంచెం పొగరు కూడా ఉండేది, ఎందుకు దాచాలి.

టీచర్ అది కనిపెట్టింది. ఒకరోజు నేను కప్పు పెడుతుంటే, “నువ్వు జాబితా చూడవేం?” అని అడిగింది.

“ఎందుకు టీచర్, గుర్తుంటుందిగా.”

“అయితే నువ్వు మ్నీమొన్‌వి” అంది. ఆ ‘మ్నీ’ పలకడానికి నాకు వారం పట్టింది.

దాని అర్థం ఆమె వాయిదాల పద్ధతిలో చెప్పింది, నేను పరుపు మీద దుప్పటి సర్దే పది నిమిషాల్లో రోజుకింత చొప్పున. పాత గ్రీకు ఊళ్ళలో రాత రాకముందు, వచ్చిన కొత్తలో కూడా, గుర్తుపెట్టుకోవడం ఒక ఉద్యోగమట. ఎవరు ఎవరికి పొలం అమ్మారు, న్యాయాధికారి ఏ తగువు ఎలా తీర్చాడు, ఇవన్నీ ఒక మనిషి తలలో పెట్టుకునేవాడు. మళ్ళీ తగువొస్తే ఆయన్ని పిలిచి అడిగేవాళ్ళు. ఆయన్నే మ్నీమొన్ అనేవాళ్ళు, గుర్తుపెట్టుకునేవాడు అని. తర్వాత రాత వచ్చింది. ఆయనే గుమాస్తా అయ్యాడు, పత్రాలు దాచేవాడయ్యాడు. కానీ ఉద్యోగం పేరు మార్చలేదు. రాసుకునేవాణ్ణి పట్టుకుని గుర్తుపెట్టుకునేవాడు అంటూనే ఉన్నారు.

“ఆయన తప్పు గుర్తుపెట్టుకుంటే?” అన్నాను. నాకు ఇలాంటి వంకర ప్రశ్నలే వస్తాయి.

టీచర్ కళ్ళజోడు తీసింది. బళ్ళో కూడా ఇలాగే తీసేదేమో. “అందుకే ఆయన్ని నలుగురి ముందు నిలబెట్టి చెప్పించేవాళ్ళు. తప్పయితే అక్కడే ఎవరో ఒకరు లేచి కాదంటారు. గదిలో కూర్చుని ఒక్కడే గుర్తుపెట్టుకుంటే అది సాక్ష్యం కాదమ్మాయ్, గొణుగుడు.”

ఇంకోరోజు రాళ్ళ సంగతి చెప్పింది. ఊరి తీర్మానాలను రాతిపలకల మీద చెక్కి, అక్షరాలకు ఎర్రరంగు వేసి, జనం తిరిగేచోట నిలబెట్టేవాళ్ళట. చదవగలిగేవాళ్ళు బహు తక్కువ. మరి ఎందుకు నిలబెట్టడం అంటే, రాయి నిలబడి ఉండటమే సాక్ష్యం. తీర్మానం రద్దయితే రాయిని పడగొట్టేవాళ్ళు. మరోరోజు కుటుంబాల సంగతి: పెద్దింటివాళ్ళు ముత్తాత దాకా చెప్పగలిగేవాళ్ళట, ఆపైన ఒక్క గెంతులో ఏ వీరుడి దగ్గరికో దేవుడి దగ్గరికో వెళ్ళిపోయేవాళ్ళు. మధ్యలో వందల ఏళ్ళు ఖాళీ. నాకు నవ్వొచ్చింది. మా నాయనమ్మవాళ్ళ అమ్మ పేరు నాకు తెలియదు, కానీ మా వంశం ఏ ఋషి నుంచి వచ్చిందో మాత్రం టకటకా చెప్పేస్తాను.

నేను ఒగ్గు కథ గురించి చెప్పాను. డోలు వాయిస్తూ, డమరుకం పట్టుకుని కథ చెప్పేవాళ్ళకు చేతిలో పుస్తకం ఉండదని, ప్రతిసారీ మాటలు కాస్త మారతాయని, అయినా మా ఊళ్ళో ఎవర్నడిగినా అదే కథ, అక్షరం మారలేదు అని ఒట్టేస్తారని. టీచర్ మంచం మీద నుంచి దాదాపు లేచినంత పని చేసింది. “అదే! సరిగ్గా అదే! పాట మారుతుంది, మారలేదని నమ్మకం మాత్రం మారదు!” అని. ఆ ఆనందంలో తన మొదటి క్లాసు హాజరుపట్టీ మొత్తం వరసగా ఒప్పజెప్పింది, ముప్పై ఒక్క పేర్లు. అరవై ఏళ్ళ కిందటి పిల్లలు. వాళ్ళలో కొందరు చనిపోయారు కూడా. “రోజూ పొద్దున ఒకసారి చెప్పుకుంటాను. లేకపోతే పోతారు” అంది. ఈ సంగతి నేను గుర్తుపెట్టుకోవాల్సింది. మ్నీమొన్ నేనేగా.

జూన్‌లో అవతలి వింగ్‌లో ఫ్లూ సోకి దాన్ని మూసేశారు. నన్ను అందులో పెట్టారు. ఐదు వారాలు ఇటువైపు రాలేదు. ఆ మధ్యలో టీచర్‌కు స్ట్రోక్ వచ్చింది. ఆసుపత్రిలో మూడు వారాలుంది, కూతురు వచ్చి చూసుకుని వెళ్ళింది. నేను తిరిగొచ్చేసరికి టీచర్ గదిలోనే ఉంది కానీ ఇంగ్లీషు పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది, జవాబు మాత్రం గ్రీకులోనే, అదీ ఒకటి రెండు మాటలు. కుడిచెయ్యి పడిపోయింది. షిఫ్టు అప్పజెప్పేటప్పుడు రాత్రి డ్యూటీ అమ్మాయి ఒక్క ముక్కలో తేల్చేసింది: “ఆమె ఇప్పుడు దేనికీ ఒప్పుకోవట్లేదు. అన్నిటికీ నో.”

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. “టీచర్, టీ కావాలా?”

ఆమె తల కొంచెం పక్కకు వంచి, “నై” అంది.

నిజామాబాద్‌లో పుట్టినదానికి ‘నై’ అంటే ఏమిటో ఎవరైనా చెప్పాలా? మా వీధిలో సగంమంది మాట ఉర్దూ. నై అంటే నై. వద్దు. “తోటలోకి వెళ్దామా?” “నై.” “రేడియో పెట్టనా?” “నై.” మా హోములో ఇంకో నియమం కూడా ఉంది: వద్దంటే బలవంతం చేయొద్దు, అది వాళ్ళ హక్కు. కాబట్టి హక్కును గౌరవించి నోట్సులో కొట్టాను. రిఫ్యూజ్డ్. రిఫ్యూజ్డ్. రిఫ్యూజ్డ్.

కొన్నిసార్లు ఆమె గడ్డం పైకెత్తి, కనుబొమలు లేపి, నాలుకతో ‘త్చ్’ అనేది. మన దగ్గర గడ్డం అలా ఎగరేస్తే ఏంటి అని కదా అర్థం. వినబడలేదేమో అనుకుని మళ్ళీ గట్టిగా చెప్పేదాన్ని, “షవర్, టీచర్, షవర్!” అని. మళ్ళీ గడ్డం ఎత్తేది. సరే, అడగడం అయిందిగా అని నేను దుప్పటి తీస్తే ఎడమచేత్తో నా చేతిమీద కొట్టేది. అదీ రాశాం. అగ్రెసివ్. నేనొక్కదాన్నే కాదు, మా షిఫ్టులన్నీ చూస్తే పంజాబ్ వాళ్ళు, నేపాల్ వాళ్ళు, నేను, హైదరాబాద్ ఆమె ఇంకొకరు. అందరం నై అంటే నై అనుకునేవాళ్ళమే. అందులోనూ ఎవరు గదిలోకి వెళ్ళినా ముందు నిన్నటి నోట్సు చదివే వెళ్ళేవాళ్ళం. చదివి వెళ్ళాక ఇక వినేదేముంది?

ఆదివారాలు పదింటికి కూతురు పెర్త్ నుంచి ఫోన్ చేసేది. ఆదివారం డ్యూటీ నాది. కార్డ్‌లెస్ ఫోన్ పట్టుకుని వెళ్ళి, “టీచర్, మీ అమ్మాయి. మాట్లాడతారా?” అని అడిగేదాన్ని.

“నై” అనేది. ఎడమచెయ్యి చాపేది. నెట్టేస్తోందనుకుని వెనక్కి జరిగేదాన్ని.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నేనే చెప్పేదాన్ని: “సారీ, ఈరోజు మాట్లాడనంటున్నారు.” “సరే, ఫర్వాలేదు, బలవంతం చేయకండి” అనేది కూతురు. ఏడో ఆదివారం, “నేనంటే కోపం ఉందా? ఆసుపత్రి నుంచి త్వరగా వెళ్ళిపోయానని?” అని నన్నడిగింది. నాకేం తెలుసు? తెలియదన్నాను. ఎనిమిదో ఆదివారం తర్వాత ఆమె ఫోన్ చేయడం మానేసి మేనేజరుకు మెయిల్ రాయడం మొదలుపెట్టింది. టీచర్ గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది కూడా అప్పుడే. పొద్దున తొమ్మిదింటికి మాత్రం లేచి కూర్చుని పెద్దగా అరిచేది, ఒక్కొక్క మాట, ఆగి ఆగి, మధ్యలో తలుపు వైపు చూస్తూ. ఎవరైనా లోపలికెళ్తే ఇంకా గట్టిగా అరిచేది. దాన్నీ రాశాం.

సెప్టెంబరు చివర్లో మేనేజరు నోటీసు పెట్టింది. మంగళవారం మీటింగు. టీచర్‌ను వెనకవైపు తాళంవేసే వార్డుకు మార్చాలి, అరుపులకు, కొట్టడానికి డాక్టరు మందు మొదలుపెడతారు. ఆ మందు వేసుకున్నవాళ్ళను నేను చూశాను. భోజనం బల్ల దగ్గర తల వాల్చి కూర్చుంటారు. కూతురు ఒప్పుకుందట, నోట్సన్నీ చదివి.

అంతకుముందు శనివారం. మా ఆయనకు సువ్లాకీ, అదే రొట్టెలో చుట్టిచ్చే కాల్చిన మాంసం, తినాలనిపించి, వెర్రిబీ మెయిన్ స్ట్రీట్‌లో ఒక గ్రీకాయన కొట్టుకు వెళ్ళాను. వరసలో నా ముందు ముగ్గురున్నారు. నేను మామూలుగానే అటో అడుగు ఇటో అడుగు వేస్తూ నిలబడ్డాను. కొట్టాయన భుజానికి చెవికి మధ్య ఫోన్ ఇరికించుకుని, ఎవరి ఆర్డరో కాగితం మీద రాసుకుంటున్నాడు. అవతలివాళ్ళు ఒక్కొక్కటి చెబుతుంటే ఈయన తల పక్కకు వంచుతూ, “నై… నై, నై… నై” అంటున్నాడు. రాసుకుంటున్నాడు. నై అంటాడు, రాస్తాడు. లేదు లేదంటూ ఎందుకు రాసుకుంటున్నాడబ్బా అని ఒక్క క్షణం నవ్వొచ్చింది.

మరుక్షణం కాలు కదల్లేదు. జీవితంలో మొదటిసారి నా కాలు కదల్లేదు.

నా వంతు వచ్చాక ఏం కావాలో చెప్పకుండా, “మీరు ఫోన్‌లో అన్న మాటకు అర్థమేంటి?” అని అడిగాను.

“ఏ మాట? నెనా? నె అంటే యెస్ డార్లింగ్.”

“మరి నో?”

ఆయన చేతులు ఖాళీ లేవు. గడ్డం పైకెత్తి, కనుబొమలు లేపి, “త్చ్” అన్నాడు.

నా తలమీద ఎవరో బిందెడు నీళ్ళు పోసినట్టయింది. వెనకాల ఉన్నాయన “యూ ఆల్రైట్, లవ్?” అంటున్నాడు. ఏమీ కొనకుండా బయటికొచ్చి, కారెక్కకుండా ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండుసార్లు నడిచాను. టీ కావాలా, అవును. తోటలోకి వెళ్దామా, అవును. రేడియో పెట్టనా, అవును. మీ అమ్మాయి, మాట్లాడతారా? అవును. అవును. చెయ్యి చాపింది ఫోన్ కోసం. ఛీ, నా బతుకు. ఫుట్‌పాత్ మీద అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

ఆదివారం డ్యూటీకి ఇరవై నిమిషాలు ముందే వెళ్ళాను. టీచర్ గదిలో బట్టల అలమర కింద అరలో ఒక నీలం ఫోల్డరు ఉంది. ఆసుపత్రి నుంచి ఆమెతోపాటే వచ్చింది. అందులో ప్లాస్టిక్ అంటించిన ఒక అట్ట: గ్రీకు అక్షరాలు, పక్కన ఇంగ్లీషు. పై వరసలోనే ఉంది, నె అంటే యెస్. మేం ఒక్కరం కూడా ఆ ఫోల్డరు తెరవలేదు. రాయి నిలబడే ఉంది, ఎర్రరంగుతో సహా.

తొమ్మిదైంది. టీచర్ లేచి కూర్చుని మొదటి మాట అరిచింది. ఆగింది. తలుపు వైపు చూసింది. మళ్ళీ అదే మాట, ఇంకా గట్టిగా. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకు. ఈ మాట నేను విన్నాను. ఇది మొదటి పేరు. ముప్పై ఒక్కమందిలో మొదటివాడు. ఆమె హాజరు పిలుస్తోంది, ఎవరూ పలకడం లేదు. పలకకపోతే ఏ టీచరైనా ఏం చేస్తుంది, ఇంకోసారి గట్టిగా పిలుస్తుంది.

నేను మంచం ముందు నిలబడి చేతులు కట్టుకుని, నిజామాబాద్ జిల్లా పరిషత్ హైస్కూల్లో ఐదేళ్ళు హాజరు పలికినట్టే పలికాను. “ప్రెజెంట్, టీచర్.”

ఆమె నన్ను చూసింది. రెండో పేరు మామూలు గొంతుతో పిలిచింది. “ప్రెజెంట్, టీచర్.” ముప్పై ఒక్కసార్లు. ఒక్కసారి కూడా అరవలేదు. చివరి పేరయ్యాక దిండుకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. “టీ కావాలా?” అన్నాను. “నె” అంది. రెండు చెంచాల చక్కెర, పాలు ముందు. కప్పు మొత్తం తాగింది.

ఇప్పుడు రాయాలి. టాబ్లెట్ తెరిచాను. పాత నోట్సును ఎవరూ చెరపలేరు, మార్చలేరు, మా సాఫ్ట్‌వేర్ అలాంటిది. ‘లేట్ ఎంట్రీ’ అని కింద కలపొచ్చు, అంతే. ‘గత పదకొండు వారాలుగా నేను’ అని మొదలుపెట్టాను. చెరిపాను. ‘రెసిడెంట్ ఈరోజు సహకరించారు’ అని కొట్టాను. అదీ చెరిపాను. నన్ను పర్మినెంట్ చేసే కాగితం ఆ నెలే మేనేజరు బల్లమీద ఉంది. ఆ సంగతి నా వేళ్ళకు కూడా తెలుసు.

సోమవారం సాయంత్రం వంటింట్లో మా ఆయనతో చెప్పాను. ఆయన కుక్కర్ మూత పెడుతున్నవాడు ఆగిపోయాడు.

“గిప్పుడు నువ్వు పోయి మీటింగుల చెప్తవా ఏంది? పిచ్చిలేసిందా?”

“మరి ఏం జేయమంటవ్?”

“రేపటిసంది కరెక్టుగ రాయి. నువ్వు కరెక్టుగ రాస్తే వాళ్ళకే సమజైతది. పర్మినెంట్ అయ్యే టైముల నీ నెత్తి మీద నువ్వే మన్ను పోస్కుంటవా?”

“రేపే మీటింగు. రేపటిసంది మందేస్తరు. మందేసినంక ఇంక నై అనది, నె అనది. ఏదనది.”

“అందరు రాసిండ్రు గద. నువ్వొక్కదానివేనా?”

“ఫోన్ పట్టుకున్నది నేనొక్కదాన్నే.” నా గొంతు లేచింది. “ఆమె బిడ్డకు అబద్ధం చెప్పింది నేను. మాట్లాడనంటుంది అని. పదకొండు ఆదివారాలల్ల ఎన్మిది సార్లు చెప్పిన. మల్ల టీచర్ నన్ను ఏం పేరు పెట్టి పిలిచిందో ఎర్కేనా నీకు?”

ఆయన కుక్కర్ మూత పెట్టాడు. నేను పెరట్లోకి వెళ్ళి కంచె వెంబడి తిరుగుతూ ఉంటే, కాసేపటికి జాకెట్ తెచ్చి భుజం మీద వేసి లోపలికెళ్ళిపోయాడు. ఆయన ఒప్పుకున్నాడనడానికి ఇంతకంటే సాక్ష్యం మా ఇంట్లో దొరకదు.

మంగళవారం పదకొండింటికి మీటింగు. నాలాంటి కేరర్లను దానికి పిలవరు. తలుపుకు చిన్న అద్దం ఉంది. మేనేజరు, డాక్టరు, గోడమీద తెరలో పెర్త్ నుంచి కూతురు. నేను కారిడార్‌లో దుప్పట్ల బండి పట్టుకుని అటు ఇటు నడిచాను. ఏడుసార్లో ఎనిమిదిసార్లో. ఒక్కసారి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను కూడా, లాండ్రీ దాకా. వెళ్ళి మళ్ళీ వచ్చాను. తలుపు తట్టి, రమ్మనకముందే లోపలికెళ్ళాను.

“ఎక్స్‌క్యూజ్ మీ. నేను రాసింది తప్పు” అన్నాను.

మేనేజరు కళ్ళజోడు పైనుంచి చూసింది. మంచి మనిషే, విసుగు కూడా ఎక్కువే. “ఏ రోజుది?”

“అన్నీ.”

“ఏడుగురు రాశారమ్మా ఇందులో. ఏడుగురిదీ ఒకటే మాట.”

“ఏడుగురం ఒకేలా తప్పు విన్నాం. ఆమె అనే మాటకు మా దగ్గర నో అని అర్థం. అందుకే…” తెర వైపు తిరిగాను, కూతురి ముఖం చూసి చెప్పాలని. “‘మీ అమ్మాయితో మాట్లాడతారా’ అని నేను అడిగినప్పుడల్లా మీ అమ్మ ‘నె’ అన్నారు. నేను మీకు మాట్లాడనంటున్నారని చెప్పాను.”

డాక్టరుకు అర్థం కాలేదు. మేనేజరుకూ కాలేదు. తెరలో ఆమెకు మాత్రం అర్థమైంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, “ప్రతిసారీనా?” అంది.

“ప్రతిసారీ. చెయ్యి కూడా చాపారు.”

అరుపుల సంగతి, హాజరుపట్టీ సంగతి, సువ్లాకీ కొట్టు సంగతి అన్నీ చెప్పాను. అడ్డదిడ్డంగానే చెప్పాను, ముందుది వెనక వెనకది ముందు. నలుగురి ముందు నిలబడి చెప్పాను, అంతవరకు నిజం. మేనేజరు కాసేపు తన ముందున్న కాగితాలను సర్దింది. మళ్ళీ సర్దింది. “మార్చడం ఆపుదాం. మందు కూడా. నీతో తర్వాత మాట్లాడాలి” అంది. ఆ తర్వాత మాట్లాడటం వేరే కథ. నన్ను పర్మినెంట్ చేయడం ఆర్నెల్లు వాయిదా పడింది. అది నాకు రావాల్సిందే వచ్చింది.

కూతురు ఒక్కటే అడిగింది: “ఇప్పుడు చూడొచ్చా?”

నేనే టాబ్లెట్ పట్టుకుని గదిలోకి వెళ్ళాను. టీచర్ గోడవైపు తిరిగి ఉంది. తెర ఆమె ముఖానికి ఎదురుగా పెట్టాను. కూతురు ఏదో పిలిచింది గ్రీకులో, అమ్మా అనే అయ్యుంటుంది. టీచర్ ఎడమచేత్తో తెరను పట్టుకుంది. కూతురు ఏడుస్తూ ఏదేదో అడుగుతోంది, గబగబా. ఈమె “నె… నె… నె” అంటోంది ప్రతిదానికీ. అక్కడ నిలబడలేకపోయాను. కారిడార్‌లో దుప్పట్ల అలమర దాకా వెళ్ళి రావడం, మళ్ళీ వెళ్ళి రావడం. అరగంట.

లోపలికి వెళ్ళేసరికి తెర ఆరిపోయి ఉంది. టీచర్ దిండుకు ఆనుకుని నన్నే చూస్తోంది. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కాలు ఊగలేదు. జరిగిందంతా మళ్ళీ ఆమెకు చెప్పాను, నెమ్మదిగా, చిన్నచిన్న ఇంగ్లీషు మాటల్లో. నేను తప్పు విన్నానని. విన్నది రాశానని. రాసింది చదివి, ముందు విన్నదంతా మరిచిపోయానని. ఎనిమిది ఆదివారాలని. ఆమె కళ్ళు తిప్పకుండా వింది.

అడగబోయే ప్రశ్నకు ఆమె గడ్డం పైకెత్తాలని, ‘త్చ్’ అనాలని నేను ఎంత కోరుకున్నానో చెప్పలేను. “టీచర్, నా మీద కోపంగా ఉందా?” అని అడిగాను.

తల కొంచెం పక్కకు వంచింది. “నె” అంది.

టాబ్లెట్ తీసుకుని ఆరోజు నోట్సు రాశాను. అడిగాను. అవునన్నారు.